ఏడో తరగతి తర్వాత ఎక్కడ? రామంతాపూర్, అంబర్‌పేట, ఉప్పల్ వైపు బడుల గురించి సలహా కావాలి

రామంతాపూర్_నాన్న | జనవరి 5, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఈ వేదిక చదువుతున్నాను. రాయడం ఇదే మొదటిసారి.

మాది రామంతాపూర్. అమ్మాయి ఏడో తరగతి, అబ్బాయి నాలుగు. ఇద్దరూ అంబర్‌పేటలో ఒక చిన్న ప్రైవేటు బడికి వెళ్తున్నారు. స్టేట్ సిలబస్, ఇంగ్లిష్ మీడియం. మా అమ్మగారి ఇల్లు ఆ బడి పక్క సందులోనే, సాయంత్రం మేము వచ్చేదాకా పిల్లలు అక్కడే ఉంటారు. బడిని ఎంచుకోవడానికి అంతకు మించిన కారణం లేదు.

ఆ బడికి ఏడో తరగతి వరకే ప్రభుత్వ గుర్తింపు ఉందని మొన్న సంక్రాంతి ముగ్గుల పోటీ దగ్గర ఎవరో అంటే తెలిసింది. వెళ్లి అడిగితే, "కంగారు పడకండి, పది దాకా ఇక్కడే చదువుతుంది. పరీక్ష మాత్రం వేరే బడి పేరు మీద రాయిస్తాం, ఏటా చేస్తున్నదే" అన్నారు. ఎంత ధీమాగా చెప్పారంటే, అడిగిన నేనే తప్పు చేసినట్లు బయటికొచ్చాను.

నేను ప్రింటింగ్ ప్రెస్‌లో పని చేస్తాను, మా ఆవిడ ఇంట్లో బ్లౌజులు కుడుతుంది. ఇద్దరి సంపాదన కలిపి నెలకు 27 వేలు. అమ్మాయిని ఎనిమిదికి ఎక్కడ చేర్చాలి? ఇప్పుడు సీబీఎస్‌ఈకి మార్చవచ్చా? అబ్బాయికి గురుకులం గానీ నవోదయ గానీ ప్రయత్నించమంటున్నారు. అవి ఎలా?

హబ్సిగూడ_హరి | జనవరి 5, రాత్రి 11:10

పది పరీక్ష వేరే బడి పేరు మీదా? ముందు అక్కడి నుంచి బయటపడండి. మిగతా ప్రశ్నలన్నీ తర్వాత.

నాచారం_సరళ | జనవరి 6, ఉదయం 6:05

హరి గారు చెప్పింది నిజమే గానీ, "బయటపడి ఎక్కడికి" అన్నదే కదా ఆయన ప్రశ్న.

మావాడు ఎనిమిది. ఐఐటీ ఫౌండేషన్ అని బోర్డు మీద రాసిన చోట ఆరులో చేర్పించాం. ఈ ఏడాది కట్టింది లక్షా పది వేలు, పుస్తకాలు వేరే. ఉదయం 6:40కి బస్సు ఎక్కితే సాయంత్రం 7:15కి దిగుతాడు. బడి పీర్జాదిగూడ అవతల. ఉప్పల్–నారపల్లి పైవంతెన పనులు మొదలైనప్పుడు మావాడు ఒకటో తరగతి. ఇప్పుడు ఎనిమిది, ఆ స్తంభాల మధ్య నుంచే ఇప్పటికీ బస్సు పాకుతూ వెళ్తుంది. లెక్కలు బాగానే చెబుతున్నారు, కాదనను. కానీ ఇంటికొచ్చాక పిల్లవాడికి అన్నం తిని పడుకునే ఓపిక తప్ప మరేమీ మిగలదు. మీరు ఎక్కడ చేర్చినా ముందు దూరం చూడండి. సిలబస్ తర్వాత.

విశ్రాంత_ప్రధానోపాధ్యాయుడు | జనవరి 6, ఉదయం 9:30

నాన్నగారూ, ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో 34 ఏళ్లు పని చేసి దిగినవాణ్ని. కాస్త పొడవుగా రాస్తాను, ఓపిక పట్టండి.

గుర్తింపు సంగతి మొదట. గుర్తింపు లేని తరగతిలో మీ అమ్మాయి కూర్చుంటే రికార్డుల్లో ఆమె మరో బడిలో ఉన్నట్లు ఉంటుంది. హాజరు అక్కడ, చదువు ఇక్కడ. పదో తరగతి మెమో మీద ఎన్నడూ చూడని బడి పేరు వస్తుంది. ఆ రెండో బడివాళ్లు ఏ కారణంగానైనా చేతులెత్తేస్తే పరీక్షల ముందు మీరు ఎవరి తలుపు తడతారు? ఏ బడినైనా అడగవలసినవి రెండు: గుర్తింపు ఉత్తర్వు కాపీ, యూడైస్ కోడ్ (ప్రభుత్వ రికార్డుల్లో బడికి ఉండే సంఖ్య). ఉత్తర్వులో ఏ తరగతి వరకు, ఏ సంవత్సరం వరకు అని స్పష్టంగా ఉంటుంది. చూపించడానికి నసిగారంటే జవాబు దొరికినట్లే.

ఇక అబ్బాయి. గురుకులాల ఉమ్మడి ప్రవేశం ఐదో తరగతికి. అంటే నాలుగు చదువుతుండగానే పరీక్ష రాయాలి. చాలామంది ఆరో తరగతికి అనుకుని ఏడాది ఆలస్యంగా వస్తారు, అప్పటికి మిగిలిపోయిన ఖాళీ సీట్లే ఉంటాయి. దరఖాస్తులు మామూలుగా డిసెంబరు, జనవరిలో, పరీక్ష ఫిబ్రవరిలో. 100 మార్కులు: తెలుగు 20, ఇంగ్లిష్ 25, లెక్కలు 25, పరిసరాల విజ్ఞానం 20, మానసిక సామర్థ్యం 10. అయితే పట్టణాల్లో తల్లిదండ్రుల ఆదాయం ఏడాదికి 2 లక్షలు దాటకూడదు. మీరు చెప్పిన 27 వేలను పన్నెండుతో హెచ్చిస్తే 3 లక్షల 24 వేలు. ఆ తలుపు మీకు మూసినట్లే.

మెట్రో_మూడో_బోగీ | జనవరి 6, మధ్యాహ్నం 1:15

మూసిన తలుపులు తెరుచుకుంటాయి. మీసేవలో ఆదాయం లక్షా ఎనభై అని రాయించుకుంటే సరిపోతుంది. కుట్టుపని ఆదాయం ఎవరు లెక్కపెడతారు? అందరూ చేసేదే.

విశ్రాంత_ప్రధానోపాధ్యాయుడు | జనవరి 6, మధ్యాహ్నం 1:52

బాబూ, ఆ సీటు ఎవరి కోసం పెట్టారో వాళ్ల పిల్లను నా తరగతిలో చూశాను. ఇంకేమీ అనను.

నల్లగొండ_యాదయ్య | జనవరి 6, రాత్రి 8:40

పెద్దాయన అన్న ఆ పిల్ల మా అమ్మాయే అనుకోండి. నేను ఉప్పల్‌లో భవన నిర్మాణ పనికి వచ్చినవాణ్ని, ఊరు నల్లగొండ వైపు. మా పిల్ల నాలుగులో ఉండగా పంతులమ్మ దగ్గరుండి దరఖాస్తు నింపించింది. వంద రూపాయల ఫీజు కూడా ఆమే కట్టింది. ఇప్పుడు సాంఘిక సంక్షేమ గురుకులంలో తొమ్మిది. మొదటి ఏడాది ప్రతి ఫోనులోనూ ఏడుపే. చర్మం మీద దద్దుర్లు వచ్చి రెండుసార్లు ఇంటికి తెచ్చుకున్నాం. 2024 చివర్లో మెస్ ఛార్జీలు 40 శాతం పెంచారు, ఆ తర్వాత కూర కొంచెం మెరుగైందని చెబుతుంది. ఇప్పుడు ఇంగ్లిష్‌లో నాకు అర్థం కాకుండా తమ్ముడిని తిడుతుంది.

రెండు లక్షలు దాటినవారికి కోపం రావడం న్యాయమే, ఆ గీత చాలా ఏళ్ల నాటిది. అయినా దొంగ కాగితంతో వద్దు.

మెట్రో_మూడో_బోగీ | జనవరి 6, రాత్రి 9:03

సరే అన్నా. మాట వెనక్కి తీసుకుంటున్నాను.

కేవీ_తల్లి | జనవరి 7, ఉదయం 10:20

కేంద్రీయ విద్యాలయం గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. మా ఇద్దరూ ఉప్పల్ కేవీలోనే. ఆయన కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి. ఫీజు కింద విద్యాలయ వికాస నిధి నెలకు 500, ఇంత తక్కువలో సీబీఎస్‌ఈ మరెక్కడా దొరకదు. కానీ ఉన్నమాట చెప్పాలి. ప్రధాన ప్రవేశం ఒకటో తరగతికే, అదీ లాటరీ. రెండు నుంచి పైకి ఖాళీ ఉంటేనే. ఖాళీలకు కూడా బదిలీ మీద వచ్చే ఉద్యోగుల పిల్లలు వరుసలో ముందుంటారు. తొమ్మిదికి ప్రవేశ పరీక్ష పెడతారు, అదీ ఖాళీని బట్టే. ఎంపీ గారి సిఫారసు ఉత్తరం ఉందని ఎవరైనా డబ్బు అడిగితే నమ్మకండి. ఆ కోటా 2022లోనే ఎత్తేశారు.

హబ్సిగూడ_హరి | జనవరి 7, ఉదయం 11:00

సీబీఎస్‌ఈ మార్పు గురించి. మార్చదలచుకుంటే ఎనిమిదే ఆఖరి మంచి మెట్టు. తొమ్మిదిలో బోర్డు దగ్గర పేరు నమోదవుతుంది, తొమ్మిది పదీ ఒకే కోర్సు కింద లెక్క. పదిలో నేరుగా చేరడం ప్రత్యేక కారణాలుంటే తప్ప కుదరదు.

మార్చాలా అన్నది వేరే ప్రశ్న. మా అన్నయ్య కూతురిని ఎనిమిదిలో మార్చారు. సైన్సు, లెక్కలు ఆరు నెలల్లో సర్దుకుంది. హిందీయే చంపేసింది. మన దగ్గర హిందీ ఆరులో అక్షరాలతో మొదలవుతుంది. అక్కడి పిల్లలు అప్పటికే పద్యాలకు భావాలు రాస్తుంటారు.

ఎడిసన్_తెలుగు | జనవరి 7, మధ్యాహ్నం 12:35

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. మేము న్యూజెర్సీ నుంచి ఈ వేసవిలో హైదరాబాద్ తిరిగి వచ్చేస్తున్నాం. పాప ఆరో గ్రేడు. సీబీఎస్‌ఈలో చేర్చినా తెలుగు తప్పనిసరి అంటున్నారు, నిజమేనా? మాట్లాడుతుంది గానీ చదవడం రాదు.

హబ్సిగూడ_హరి | జనవరి 7, మధ్యాహ్నం 12:50

నిజమే. 2018లో చట్టం చేశారు. తెలంగాణలో ఏ బోర్డు బడి అయినా తెలుగు నేర్పాలి. తెలుగు రానివారికి, వేరే చోట్ల నుంచి వచ్చినవారికి "వెన్నెల" అని తేలిక వాచకం ఉంది. వేసవిలో గుణింతాలు వచ్చేలా చూసుకోండి, మిగతాది పాప నెట్టుకొస్తుంది. ఒత్తులు మాత్రం మా ఇంట్లో పెద్దవాళ్లకే రావు.

(దీనికి వేరే చర్చ మొదలుపెట్టండి. ఇక్కడ నాన్నగారి సంగతి తేలలేదు.)

రామంతాపూర్_నాన్న | జనవరి 7, రాత్రి 10:15

అందరికీ ధన్యవాదాలు. గురుకులం మాకు రాదని అర్థమైంది. యాదయ్య గారూ, మీ మాట మా ఆవిడకు చదివి వినిపించాను.

హెచ్‌ఎం గారూ, మీరు చెప్పినట్లు గుర్తింపు ఉత్తర్వు అడిగాను. "ఆడిటర్ దగ్గర ఉంది" అన్నారు. నవోదయ మిగిలింది. అబ్బాయికి లెక్కలు ఇష్టం.

విశ్రాంత_ప్రధానోపాధ్యాయుడు | జనవరి 8, ఉదయం 7:45

ఆడిటర్ దగ్గర! బాగుంది.

నవోదయలో మీకొక చిక్కుముడి ఉంది, చాలామందికి కనపడదు. అక్కడ సీటు జిల్లాను బట్టి. పిల్లవాడు ఆ జిల్లావాసి అయ్యుండాలి, ఐదో తరగతి ఏడాది పొడుగునా ఆ జిల్లాలోని గుర్తింపు పొందిన బడిలోనే చదువుతుండాలి. హైదరాబాద్ జిల్లాకు నవోదయ లేదు. మీ ఇల్లున్న రామంతాపూర్ ఉప్పల్ మండలం, మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా. మీ పిల్లలు చదివే అంబర్‌పేట హైదరాబాద్ జిల్లా. నడిచి వెళ్లే దూరమే, కానీ కాగితం మీద రెండు జిల్లాలు. అంటే అబ్బాయి ఐదు కూడా అక్కడే చదివితే నవోదయ దరఖాస్తుకే పనికిరాడు. పరీక్ష రాయించాలంటే ఈ జూన్‌లోనే, ఐదో తరగతికి, మీ ఇంటి వైపు బడికి మార్చాలి.

2024 డిసెంబరులో కేంద్రం మంజూరు చేసిన 28 కొత్త నవోదయల్లో మేడ్చల్–మల్కాజిగిరి పేరు ఉంది. పాత రంగారెడ్డి జిల్లా నవోదయ గోపనపల్లిలో ఎప్పటి నుంచో ఉంది. దరఖాస్తు తెరిచినప్పుడు జిల్లా పేరు జాగ్రత్తగా చూసి నింపాలి.

ఆశ కూడా కొలత మీద పెట్టుకోండి. బడికి గరిష్ఠంగా 80 సీట్లు. కనీసం 75 శాతం గ్రామీణ పిల్లలకు. మూడు, నాలుగు, ఐదు తరగతుల్లో ఒక్కరోజు పట్టణ బడిలో చదివినా పట్టణం కిందే లెక్క, కాబట్టి మీవాడు ఆ మిగిలిన కొద్ది సీట్లకే పోటీ పడతాడు. పరీక్ష రెండు గంటలు, 80 ప్రశ్నలు, 100 మార్కులు. సగం మార్కులు బొమ్మల తర్కానికి, పాతిక లెక్కలకు, పాతిక భాషకు. ఆరో తరగతి ప్రవేశానికి జీవితంలో ఒక్కసారే రాయనిస్తారు.

నాచారం_సరళ | జనవరి 8, ఉదయం 8:20

రోడ్డు దాటితే జిల్లా మారుతుందని పదేళ్లుగా ఇక్కడున్న నాకే తట్టలేదు.

కేవీ_తల్లి | జనవరి 8, ఉదయం 9:05

సైనిక్ స్కూలు కూడా ఆరుకే కదా? మా ఎదురింటివాళ్లు కోరుకొండకు రాయించారు.

హబ్సిగూడ_హరి | జనవరి 8, ఉదయం 9:40

ఆరుకు, తొమ్మిదికి. కోరుకొండ, కలికిరి రెండూ ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి. మూడింట రెండు వంతుల సీట్లు ఆ రాష్ట్రం పిల్లలకే. ఫీజు కూడా నాన్నగారి లెక్కకు అందేది కాదు.

బయటి రాష్ట్రం మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. "ఇంటర్‌కు విజయవాడ పంపిద్దాం" అని ఇప్పటినుంచే కలలు కనేవారు వినండి. తెలంగాణలో వైద్య సీట్లకు స్థానికులు కావాలంటే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా వరుసగా నాలుగేళ్లు ఇక్కడే చదవాలి. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు కూడా ఆ నిబంధనను సమర్థించింది. కొన్ని మినహాయింపులున్నాయి, అవి మనలాంటివారికి వర్తించవు. మా బంధువుల అమ్మాయి రెండేళ్లు అవతల చదివి వచ్చి కోర్టుల చుట్టూ తిరిగింది.

రామంతాపూర్_నాన్న | జనవరి 8, రాత్రి 11:20

విజయవాడ దాకా ఎందుకండీ, అంబర్‌పేటే వేరే జిల్లా అని ఇప్పుడు తెలిసింది.

అమ్మాయి సంగతి. మా ఇంటికి పది నిమిషాల నడకలో ప్రభుత్వ ఉన్నత పాఠశాల ఉంది. మా ఆవిడకు ఇష్టం లేదు. "ఇంగ్లిష్ మీడియంలో చదివిన పిల్లను సర్కారు బడిలో వేస్తామా, చుట్టాలు ఏమంటారు" అంటోంది.

విశ్రాంత_ప్రధానోపాధ్యాయుడు | జనవరి 9, ఉదయం 8:10

చుట్టాలు ఫీజు కడతారా? కడితే ఆలోచిద్దాం.

సర్కారు బడి అంటే అన్నీ బాగుంటాయని నేను అనను. ఒక బడిలో లెక్కల మాస్టారు బంగారం, పక్క బడిలో ఆ పోస్టే ఖాళీ. అందుకే బోర్డు చూసి నిర్ణయించకండి. పని రోజున, పదకొండు గంటలకు వెళ్లండి. ఎనిమిది, తొమ్మిది, పది తరగతులకు లెక్కలు, భౌతికశాస్త్రం, ఇంగ్లిష్ చెప్పేవారు ఉన్నారా అడగండి. ఆడపిల్లల మరుగుదొడ్లు తాళం వేసి ఉన్నాయా, నీళ్లు వస్తున్నాయా మీ ఆవిడను చూడమనండి. మధ్యాహ్న భోజనం వడ్డించేటప్పుడు నిలబడి చూడండి. పదో తరగతి పిల్లల్ని ఇద్దరిని పలకరించండి, వాళ్లు చెప్పేది ప్రధానోపాధ్యాయుడు చెప్పడు. నేనూ చెప్పేవాణ్ని కాదు.

ఇంగ్లిష్ మీడియం 2022–23 నుంచి ఎనిమిది వరకు ప్రభుత్వ బడుల్లోనూ వచ్చింది. పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్.

ఇక ఒక సంగతి మీకు సరిగ్గా సరిపోతుంది. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిది చదివేవారికి ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష ఉంటుంది. గెలిస్తే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది వరకు సంవత్సరానికి 12 వేలు, పై చదువు కూడా ప్రభుత్వ లేదా ఎయిడెడ్ సంస్థల్లోనే సాగాలి. ఆదాయ పరిమితి మూడున్నర లక్షలు. మీరు గురుకులానికి ఎక్కువైపోయారు గానీ దీనికి సరిపోతారు. ఏడులో 55 శాతం మార్కులు ఉండాలి, ఎస్సీ, ఎస్టీలకు 50. ప్రైవేటు బడి పిల్లలకు ఇది లేదు.

నాచారం_సరళ | జనవరి 9, ఉదయం 8:55

ఈ చర్చ మూడేళ్ల క్రితం ఎవరూ పెట్టలేదే అని బాధగా ఉంది.

విశ్రాంత_ప్రధానోపాధ్యాయుడు | జనవరి 9, ఉదయం 9:20

సరళ గారూ, మీవాడికి లెక్కలు బాగా చెబుతున్నారని మీరే రాశారు. ఇంటి దగ్గర బడిలో వేసి ఆదివారం లెక్కలు ఎవరితోనైనా చెప్పించే దారి కూడా ఉంది. ఎంసెట్, ఇప్పుడు ఎప్‌సెట్, ఇంటర్ మార్కుల వెయిటేజీ కూడా లేకుండా ర్యాంకు ఇస్తోంది. ఆ పరుగు ఎప్పుడు మొదలుపెట్టినా నాలుగేళ్లు చాలు, ఏడేళ్లు అక్కర్లేదు.

నాచారం_సరళ | జనవరి 9, ఉదయం 9:31

మావారికి చూపిస్తాను. ఆయన ఒప్పుకోరు.

రామంతాపూర్_నాన్న | మార్చి 14, రాత్రి 9:50

చాలా రోజులైంది. బడికి వెళ్లి చూశాం, ఇద్దరమూ. లెక్కలు, ఇంగ్లిష్ టీచర్లు ఉన్నారు. భౌతికశాస్త్రం మేడమ్ వేరే బడి నుంచి వారానికి మూడు రోజులు వస్తారట. మరుగుదొడ్లు నాలుగింటిలో రెండు తాళం. భోజనం ఆరోజు పప్పు, గుడ్డు. పదో తరగతి అమ్మాయిల్ని అడిగితే, "లెక్కల సార్ తిడతారు, కానీ సెలవు పెట్టరు" అన్నారు. మా ఆవిడకు ఆ మాట నచ్చింది.

ఇద్దరినీ జూన్‌లో మార్చాలని నిర్ణయించాం. అమ్మగారే సాయంత్రాలు మా ఇంటికి వస్తానన్నారు. ఇన్నాళ్లూ అడగకపోవడం మా తప్పు.

యాదయ్య కూతురు | మార్చి 15, సాయంత్రం 5:20

నాన్న ఫోనులోంచి రాస్తున్నాను, సెలవుకు వచ్చాను. అంకుల్, చెల్లికి చెప్పండి, మొదటి నెల ఎవరూ మాట్లాడరు. తర్వాత వాళ్లే మాట్లాడతారు.

రామంతాపూర్_నాన్న | జూన్ 13, మధ్యాహ్నం 2:05

అత్యవసరం. పాత బడివాళ్లు టీసీ ఇవ్వడం లేదు. ఏప్రిల్, మే ఫీజు కూడా కట్టాలట. పిల్లలు ఏప్రిల్ 23 తర్వాత బడికే వెళ్లలేదు. కొత్త బడి నిన్ననే తెరిచారు.

విశ్రాంత_ప్రధానోపాధ్యాయుడు | జూన్ 13, మధ్యాహ్నం 2:40

కంగారు వద్దు. విద్యా హక్కు చట్టం 2009, సెక్షన్ 5. ఎనిమిదో తరగతి పూర్తయ్యేవరకు ప్రభుత్వ బడికి మారే హక్కు పిల్లలది. పాత బడి టీసీ వెంటనే ఇవ్వాలి, ఇవ్వడం ఆలస్యమైనా కొత్త బడి చేర్చుకోకుండా ఆపకూడదు. మీ పిల్లలిద్దరికీ వర్తిస్తుంది. ఆధార్, జనన ధ్రువపత్రం, మార్కుల కార్డులు పట్టుకుని పిల్లలతో సహా వెళ్లండి. టీసీ కోసం పాత బడికి రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, నకలు మీద సంతకం తీసుకోండి. సంతకం పెట్టకపోతే రిజిస్టరు పోస్టు. అప్పటికీ కదలకపోతే ఎంఈఓ (మండల విద్యాధికారి) గారి కార్యాలయం.

రామంతాపూర్_నాన్న | జూన్ 18, రాత్రి 10:30

అబ్బాయిని, అమ్మాయిని చేర్చుకున్నారు. అర్జీ రిజిస్టరు పోస్టులో పంపిన మూడో రోజున టీసీలు తీసుకెళ్లమని వాళ్లే ఫోను చేశారు. ఫీజు ఊసు ఎత్తలేదు.

అమ్మాయికి కొత్త పుస్తకాలు ఇచ్చారు. తెలుగు పేజీ మీద అట్టముక్క పెట్టి ఇంగ్లిష్ పేజీ చదువుతుంది, అర్థం కానప్పుడు అట్ట జరుపుతుంది. భౌతికశాస్త్రం మేడమ్ ఇంకా మూడు రోజులే.

స్కాలర్‌షిప్ పరీక్ష నోటిఫికేషన్ వస్తే దయచేసి ఇక్కడే రాయండి.

విశ్రాంత_ప్రధానోపాధ్యాయుడు | జూన్ 19, ఉదయం 6:15

రాస్తాను. నవోదయ దరఖాస్తు దానికంటే ముందే తెరుస్తారు, అబ్బాయి ఫొటో తీయించి పెట్టుకోండి. ఎక్కాలు ఎంతవరకు వచ్చాయి?

రామంతాపూర్_నాన్న | జూన్ 19, ఉదయం 6:50

పదహారు దాకా. పదిహేడు దగ్గర ఆగుతున్నాడు.